హేమ్లి వదిన గోధుమ మడి

మా హేమ్లి వదిన పాత గోధుమ విత్తనం లేకుండ చేసిందని మా తండాల ఇప్పటికీ అంటరు. అనేటోళ్లంతా ఆ విత్తనం తిన్నోళ్లే. నా చదువు రెండో తరగతి కాడ ఆగింది, కూడబలుక్కుంట రాస్త. అయినా ఈ ముచ్చట రాయనిదే నా కడుపుమంట చల్లారదు.

హేమ్లి నా పెద్దన్న రూప్‌సింగ్ పెండ్లాం. నన్ను అదే తండాల ఇచ్చిండ్రు గనుక, ఆమె కాపురానికి వచ్చిన నాటి సంది నా కండ్ల ముందరనే ఉంది. వచ్చేటప్పుడు పుట్టింటోళ్లు ఆవును తోలిచ్చిండ్రు, దాంతోపాటు గుడ్డల కట్టి ఇన్ని గోధుమలు గూడ ఇచ్చిండ్రు. ఎర్రటి సన్న గింజ. మా నాయిన మూట విప్పి చూసి నవ్విండు. "మనకు గోధుమలు లేవనుకున్నరా వీళ్లు" అన్నడు.

నిజమే, అప్పుడు అందరికీ ఉండె. డెబ్బై రెండో మూడో అయి ఉంటది. అడవి అంచున నల్లరేగడిల ప్రతి ఇంటోళ్లు జొన్న పక్కన కొంచెం గోధుమ చల్లేటోళ్లు. నీళ్లు పెట్టేది లేదు, మంచుకే పండేది. మనిషి రొమ్ము దాక లేచేది. పండేది తక్కువే, ఆ మాట దాచిపెట్ట. కానీ మాకు గోధుమ తినేటందుకు ఒక్కటే కాదు.

శ్రావణంల మాకు తీజ్ పండుగ. పెండ్లి కాని పిల్లలు బుట్టలల్ల పుట్టమన్ను, ఎరువు పోసి, నానిన గోధుమలు చల్లుతరు. తొమ్మిది దినాలు పాటలు పాడుకుంట నీళ్లు పోస్తరు, ఉప్పు లేని కూడు తింటరు. ఆఖరి దినం ఆ మొలకలు తండ్రుల, అన్నదమ్ముల తలపాగలల్ల చెక్కి, బుట్టలు వాగుల కలుపుతరు. మొలక ఎంత పొడుగు లేస్తే పిల్లకు అంత మంచి ఇల్లు దొరుకుతదని మా నమ్మకం. నవ్వేటోళ్లు నవ్వుకోండ్రి, మీ నమ్మకాలు మాకు తెల్వయా.

గట్లుండంగ పొట్టి గోధుమ వచ్చింది. గ్రామసేవక్ సంచులు తెచ్చి పంచిండు. కోస్తా నుంచి వచ్చి చెరువు కింద భూమి కొన్న వెంకటప్పయ్య అనే ఆసామి మోటరు పెట్టి అదే వేసిండు. యూరియా చల్లితే మా పొడుగు గోధుమ నేలకు ఒరిగేది, పొట్టిది కర్ర లెక్క నిలబడ్డది. బస్తాలు నిండినయి. ఇంక మావోళ్లు ఆగుతరా. ఒకని చేను చూసి ఇంకొకడు. మోటరు లేనోడు గూడ అదే వేసి, మోకాలెత్తు లేవకపోతే గ్రామసేవక్‌ను తిట్టిండు. పాత గోధుమ వేసుడంటే నామోషీ అయ్యింది.

ఆ మరుసటేడు బుట్టలల్ల గూడ పొట్టి గోధుమనే పోసిండ్రు. నాలుగు వేళ్లెత్తు లేచి ఆగింది. వాగు కాడ పక్క తండా పిల్లలు చూసి, "ఏందే, మీ బుట్టలు మేకలు మేసినయా?" అన్నరు. మా పిల్లలు ఏడ్చుకుంట ఇండ్లకు వచ్చిండ్రు.

అప్పుడు యాదికొచ్చింది అందరికీ హేమ్లి. ఆమె ఒక్కతే పాతది ఇడవలే. వాగుకు పోయే బాట పక్కన మా నాయిన ఆమెకని ఒక మడి విడిచిపెట్టిండు. అండ్లనే ప్రతి కార్తీకంల చల్లేది.

"అందరు మారంగ నువ్వెందుకు మారలే వదినా?" అని ఒకపారి అడిగిన.

"మా అమ్మ కట్టిచ్చింది పారబోసేటందుకా?" అన్నది. ఆమె మాటలు ఎప్పుడూ గంతే, పొదుపు.

తర్వాత మిర్చి వచ్చింది, రేషన్ బియ్యం వచ్చినయి, పత్తి వచ్చింది. పాతదాన్ని తరిమిన పొట్టి గోధుమను గూడ పత్తి తరిమింది. వెంకటప్పయ్య చేండ్లల్ల గూడ గోధుమ అన్నది కనబడకుండ పోయింది. మా అన్నకు పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీల కొలువు దొరికింది, కాలనీల క్వార్టర్ ఇచ్చిండ్రు. వదిన పోలే. మడి ఎవలు చూడాలె అన్నది.

శ్రావణం వస్తే చాలు, తల్లులంతా చాటలు పట్టుకొని ఆమె ఇంటి ముందర నిలబడేటోళ్లు. "అక్కా, మా పిల్లకు ఇంకింత పొయ్యి, ఈ ఏడు సంబంధాలు చూస్తున్నం." అందరికీ పోసేది. విత్తనం పోగొట్టుకున్న పక్క తండాలోళ్లకు గూడ పోసేది. మరి కార్తీకంల చల్లేటప్పుడు ఒక్కతి వచ్చిందా? మాఘంల పిట్టలు కొట్టేటప్పుడు ఒక్కతి కనబడ్డదా? పిట్టలకైనా సిగ్గుంటది, అరిస్తే లేచిపోతయి.

ఇగ నా తోడబుట్టినోడు దేవ్లా. నా తమ్ముడే అయినా చెప్త. వదిన బిడ్డ కాన్పుకని పోయి వచ్చేసరికి, మడి దున్ని పత్తి గింజ పెట్టిండు.

"ఏందిరా ఇది?" అన్నది వదిన గట్టు మీద నిలబడి.

"పంటేసిన వదినా. ఊకెనే పడున్న భూమి."

"ఊకెనే పడుందా? ఏటేటా పండుతున్నది కనబడ్తలేదా?"

"అది పంటా? బుట్టలల్ల పోసుకునే గడ్డి. అన్ననడిగే వేసిన."

వదిన బస్సెక్కి పాల్వంచ పోయింది. నేను గూడ తోడు పోయిన. మా అన్న డ్యూటీ దిగి వచ్చి, మంచం మీద కూసొని చెప్పులు ఇప్పుకుంట విన్నడు.

"వాడు దున్నుకుంటే దున్నుకోనీ" అన్నడు. "నీకు గోధుమలే కావాల్నంటే పిండి బస్తా పంపిస్త."

"పిండి మొలుస్తదా?" అన్నది వదిన.

మా అన్న నవ్విండు. జోక్ అనుకున్నడు పాపం.

ఆ శ్రావణంల ఇంట్ల ఉన్న గింజల నుంచే పిల్లలందరికీ పోసింది. కార్తీకం వచ్చింది. పత్తి ఇంకా చేన్లనే నిలబడి ఉంది. మడి లేదు, విత్తనం ఉంది. వదిన ఇల్లిల్లు తిరిగింది. "మూల చెక్క ఇయ్యండ్రి, ఈ ఒక్క ఏడు చల్లుకుంట" అని. మా ఇంటాయన నేను అడగకముందే మా భూమి కౌలుకిచ్చి కూసున్నడు. మా తండా పెద్ద, నాయక్ లాల్‌సింగ్ భార్య సోమ్లి అయితే, "ఉన్నదంతా పత్తేనాయె అక్కా, నడుమల గోధుమ ఏం బాగుంటది" అన్నది. ఆ సోమ్లికి పెండ్లికెదిగిన బిడ్డలు ఇద్దరు. ఇద్దరి బుట్టలకూ ఈమె గింజలే.

వదిన విత్తనం మళ్ల ఇంటికే తీసుకపోయింది. హోలీ వచ్చింది. దేవ్లాకు పత్తి మంచిగ పండింది, మేకను కోసి తండానంతా పిలిచిండు. వదిన అడగకుండనే, "చూర్మా నేను చేస్త" అన్నది. దినమంతా ఇసురురాయి తిప్పింది. గోధుమ రొట్టెలు కాల్చి, నలిపి, బెల్లం నెయ్యి పోసి కలిపి తెచ్చింది. దేవ్లా మూడుసార్లు పెట్టించుకున్నడు. నాయక్ మీసం తుడుచుకొని, "పాత గోధుమ వాసనే వేరు" అన్నడు. వదిన ఇంకింత వడ్డించింది.

తొలకరికి దేవ్లా మడిల మళ్ల పత్తే పెట్టిండు. శ్రావణం రానే వచ్చింది. చాటలు గూడ వచ్చినయి. ముందర సోమ్లి, ఎనక దేవ్లా బిడ్డ చాంది. ఆ ఏడే చాందికి సంబంధం మాట్లాడుతున్నరు.

"విత్తనం లేదు" అన్నది వదిన.

"లేకపోవుడేంది అక్కా? ఎంత దాచినవో మాకు తెల్వదా?"

"దాచింది మీ మొగుళ్ల కడుపులల్ల పోసిన. హోలీ నాడు పొగుడుకుంట తిన్నరు గద."

సోమ్లి ఖాళీ చాట చంకన పెట్టుకొని ఎనకకు తిరిగింది. తర్వాత విత్తనం కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిండ్రు. పక్క తండాలోళ్లు, "మేమే మీ హేమ్లి కాడికి వద్దమనుకుంటున్నం" అన్నరట. ఆఖరికి దుకాణం గోధుమలు తెచ్చి పోసిండ్రు. సగం మురిగినయి, సగం పాలిపోయి పండుకున్నయి. ఆఖరి దినం చాంది తండ్రి తలపాగల చెక్కేటందుకు పోచలు ఏరుకుంటుంటే, వంచిన తల ఎత్తలె ఆ పిల్ల.

దేవ్లా పంచాయితి పెట్టిండు. తప్పంతా వదినదట.

"తండా విత్తనం నువ్వెట్ల ఖర్చు చేస్తివి హేమ్లీ?" అని అడిగిండు నాయక్ లాల్‌సింగ్.

"తండా విత్తనమైతే తండా భూమేది నాయక్? నీ గడపకు గూడ వచ్చిన."

"ఒక్క ఏడు ఓపిక పట్టకపోతివి" అన్నడు దేవ్లా.

"పట్టిన. హోలీ నాటికే గింజలకు ముక్కపురుగు పడ్డది. పురుగులకన్న మీరు నయమనుకున్న. మీరన్న కడుపునిండ తిన్నరు."

ఎవడో నవ్వి, మళ్ల నాయక్ మొఖం చూసి ఊకున్నడు. నాయక్ గొంతు సవరించుకొని, మడి హేమ్లిదే, పత్తి ఏరినంక దేవ్లా విడిచిపెట్టాలె అని తీర్పు చెప్పిండు.

"మడి నాదైతే పత్తి ఏరేదాక ఎందుకు?" అని వదిన లేచింది. సీదా మడి దిక్కు నడిచింది. మడిల దిగి మోకాలెత్తు పత్తి చెట్లు పీకుడు మొదలుపెట్టింది. నేను ఎనకనే దిగిన. దేవ్లా గట్టు మీద నిలబడి, "అక్కా, నువ్వు గూడనా" అన్నడు. నేను చేతిల ఉన్న చెట్టు వాని కాళ్ల కాడ పడేసిన. తండా అంతా చూసింది, ఒక్కడు దిగలె, ఒక్కడు ఆపలె.

ఇది తొంభై ఒకటిల ముచ్చట. అప్పటి సంది ఆ మడి బీడు. సుట్టూ పత్తి, నడుమ బీడు. వదిన మేకలను కట్టేస్తది అండ్ల, అంతే. ప్రతి శ్రావణంల పిల్లలు దుకాణం గోధుమల బుట్టలు నెత్తిన పెట్టుకొని వాగుకు ఆ బాటనే పోవాలె. అక్కడికి వచ్చేసరికి పాట సన్నగిల్లుతది, నేను చూస్తనే ఉన్న. వదిన గుడిసె ముందర కూసొని తలెత్తి చూడదు గూడ. ఆమె పాపిష్టిదని గుసగుసలాడే నోర్లు ఉన్నయి. ఆ నోర్లకు చూర్మా తీపి ఇంకా పోలేదు.

చాందికి సంబంధం కుదిరింది, చిన్న ఇల్లే. దేవ్లా ఆ కోపం వదిన మీదనే పెట్టుకున్నడు, అయినా ఏటేటా తొలకరికి వచ్చి గట్టు మీద నిలబడ్తడు, సిగ్గు లేదు. పోయినేడు గూడ వచ్చిండు.

"ఇంకా ఎన్నేండ్లు ఊకెనే పెడ్తవు వదినా? ఏదన్న వెయ్యరాదు."

వదిన మేకకు ఆకు ఏస్తున్నది. వాని దిక్కు గూడ తిరగలె.

"నువ్వు తిన్నది మొలిచిన్నాడు చెప్పు, చల్లుత" అన్నది.