గోడ దాకా ర్యాంపు

దేవుడు వెలుగు కలగాలన్నాడు, కలిగింది. అందులో గొప్పేముంది, అప్పుడు అడ్డం చెప్పేవాళ్ళే లేరు. మా అమ్మమ్మ గాన్కా, బడి గోడలో తలుపు కలగాలంది. అడ్డం చెప్పేవాళ్ళు ఊరినిండా ఉండగానే కలిగింది.

బల్గేరియా కొండల అంచున ఉంది మా ఊరు. మేజోళ్ళ మిల్లులో యంత్రాల రొదను మించి అరిచి అరిచి పదునెక్కిన గొంతు ఆవిడది. మిల్లు మూతపడింది గానీ గొంతు పడలేదు. భూకంపం వచ్చి ఊరంతా వీధిలోకి పరిగెడితే, పొయ్యి మీద మిరపకాయలు మాడిపోతాయని లోపలే ఉండిపోయిన మనిషి. అలాంటి మనిషికి నోట మాట పడిపోయిన రోజు ఒకటుంది.

మా చెల్లెలు బిలియానాకు ఏడేళ్ళు నిండాయి. పుట్టుక నుంచీ దాని కాళ్ళు చెప్పిన మాట వినవు. చక్రాల కుర్చీ మాత్రం బాగానే వింటుంది, మా వీధి కోళ్ళే అందుకు సాక్ష్యం. ఆ సెప్టెంబరులో దాన్ని ఒకటో తరగతిలో వెయ్యాలి. అమ్మ పొద్దస్తమానం కుట్టుపనిలో ఉంటుంది కనక బడి సంగతి అమ్మమ్మ నెత్తిన పడింది. బడికేమో ముందు నిలువెత్తు మెట్లు. ఎలాగైనా బతిమాలుకుందామని ఆవిడ తలకు మంచి రుమాలు కట్టుకుని, కాల్చిన మిరపల పచ్చడి జాడీ ఒకటీ, తాతయ్య కాచిన పళ్ళ సారా సీసా ఒకటీ సంచిలో వేసుకుని, హెడ్‌మిస్ట్రెస్ స్టామెనోవా గదికి వెళ్ళింది. పెద్ద కుర్చీ ముందుకు ఖాళీ చేతులతో ఎవరు పోతారు?

స్టామెనోవా జాడీని ముట్టలేదు. పిల్ల పేరు ఎప్పుడో రాసుకున్నామంది. చేర్చుకోవడం మా దయ కాదు, చట్టమే చెప్పింది, నడవలేని పిల్లకైనా అందరితో కూర్చుని చదువుకునే హక్కుందంది. అందుకే ర్యాంపు కూడా కట్టించాం, ఫొటోలు తీసి పైకి పంపాం అంది.

అమ్మమ్మకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది. హక్కట. జాడీ ఇవ్వకుండా, ఎవరి గడ్డమూ పట్టుకోకుండా దొరికేది ఒకటుందని అంత బతుకు బతికినా ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ సంబరంలో, ర్యాంపును కళ్ళారా చూసుకుందామని బడి పక్కకు తిరిగింది.

ర్యాంపు ముచ్చటగా ఉంది. నున్నటి సిమెంటు, పచ్చరంగు వేసిన కమ్మీలు. మెల్లగా పైకి పోయి, ఒక మలుపు తిరిగి, ఇంకాస్త పైకి పోయి, గోడకు తగిలి ఆగిపోయింది. అక్కడ తలుపు లేదు. అమ్మమ్మ గోడను అరచేత్తో తడిమింది. వేళ్ళతో తట్టి చూసింది. మళ్ళీ స్టామెనోవా దగ్గరకు పోయి అడిగింది.

“తలుపేదమ్మా?”

“తలుపు వేరే పథకంలో ఉంది పిన్నీ,” అంది స్టామెనోవా నొచ్చుకుంటూ. “ఈ పథకం ర్యాంపు వరకే. ఆ డబ్బు రావాలి. అందాకా టీచరమ్మనే మీ ఇంటికి పంపిస్తాం. పిల్లకూ సుఖం.”

అమ్మమ్మ సంచి పట్టుకుని ఇంటికొచ్చి కూర్చుంది. ఒక్క మాట లేదు. పక్షవాతమేమోనని పక్కింటావిడ వచ్చి, మూతి అటూ ఇటూ తిప్పి చూసి, నాలుక బయట పెట్టమంది. అమ్మమ్మ పెట్టింది, కావలసిన దానికన్నా కాస్త ఎక్కువసేపే పెట్టింది. పొయ్యి మీద మిరపకాయలు మాడిపోయాయి. భూకంపానికి మాడని మిరపకాయలు.

సాయంత్రం బిలియానా కుర్చీ దొర్లించుకుంటూ వచ్చి, నేను బడికి వెళ్తున్నానా లేదా అని అడిగింది.

“తలుపు వేరే పథకంలో ఉందంట,” అంది అమ్మమ్మ.

“మరి నేను ఏ పథకంలో ఉన్నాను అమ్మమ్మా?”

అమ్మమ్మ లేచి వెళ్ళి అటక మీంచి రాగి బిందె దించింది.

బడి తెరిచే రోజు మా దగ్గర బడి మెట్ల ముందు రాగి బిందె నిండా నీళ్ళు పెడతారు. చదువు నీళ్ళలా సాగిపోవాలని ఒకటో తరగతి పిల్ల ఎవరో ఒకరు దాన్ని తన్ని ఒలకబొయ్యాలి. ఆ తడి తొక్కుకుంటూనే మిగతా పిల్లలంతా లోపలికి పోవాలి. మొదటిరోజు పొడినేల మీదుగా పోయిన పిల్లకు చదువు అబ్బదని అందరి గట్టి నమ్మకం, స్టామెనోవాది కూడా. ఊళ్ళో పాతకాలం రాగి బిందె మిగిలింది అమ్మమ్మ దగ్గరే. ఏటా తెచ్చి నీళ్ళు నింపి పెట్టేదీ ఆవిడే.

ఆ ఏడూ పెట్టింది. మెట్ల ముందు కాదు, ర్యాంపు మొదట్లో.

జిల్లా విద్యాకార్యాలయం నుంచి వచ్చిన పెద్దావిడ ఉపన్యాసం ముగించింది. డోలు మోగింది. ఎవరైనా ఏమైనా అనేలోపే, తెల్ల రిబ్బన్లు కట్టుకున్న బిలియానా కుర్చీని ఒక్క ఊపున తోసి, పాదాల పలకతో బిందెను ఢీకొట్టింది. నీళ్ళు భళ్ళున ఒలికాయి. జనం చప్పట్లు కొట్టారు. బిలియానా ర్యాంపు మీద పైకి సాగిపోయింది. తడి ఎటుంటే పిల్లలు అటే కదా, పూలగుత్తులు పట్టుకుని ఇద్దరిద్దరుగా వెనకాలే ఎక్కారు. వాళ్ళ వెనక తల్లులు, తల్లుల వెనక ఫోన్లు ఎత్తి పట్టుకున్న తండ్రులు. ముందు వరసలో ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని జిల్లా పెద్దావిడ. అటు కాదు, అటు కాదు అని స్టామెనోవా మొత్తుకుంటూనే ఉంది. డోలు వినబడనిస్తేగా.

బిలియానా గోడ దగ్గర ఆగింది. దాని వెనక ఊరంతా ఆగింది. ముందుకు దారి లేదు, వెనక్కి సందు లేదు. డోలు దానంతటదే ఆగిపోయింది. మంచి బట్టలు కట్టుకున్న మనుషులు నోళ్ళు తెరుచుకుని గోడను చూస్తూ నిలబడ్డారు. ఆ ర్యాంపు పక్కనుంచి రోజూ పోయేవాళ్ళే అందరూ. ఒక్కరైనా దాని కొస ఎక్కడుందో చూసిన పాపాన పోలేదు.

జిల్లా పెద్దావిడ మొహం సున్నం కొట్టినట్టయింది. ఫొటోలు చూసి బాగుందని సంతకం పెట్టింది తానేనట. గోడ మీద చెయ్యి వేసి, “తలుపేది?” అంది.

“వేరే పథకంలో ఉందండీ,” అంది బిలియానా మర్యాదగా.

స్టామెనోవా కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయింది. పిల్ల ఎక్కడికి రాగలదో పాఠం అక్కడే చెప్పాలి, చట్టమంటే అదేనని పెద్దావిడ అందరి ముందూ అంది, అది తనకే చెప్పుకుంటున్నట్టు. ఒకటో తరగతి ఆ రోజే నేలకు సమంగా ఉన్న భోజనాల హాల్లోకి మారింది. ఆకులు రాలేలోపు మేస్త్రీలు వచ్చి గోడ కోసి తలుపు నిలబెట్టారు. డబ్బు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఇప్పటికీ ఎవరూ చెప్పరు.

ఏడో తరగతిలో ఆగిపోయిన నా చదువుకు వచ్చినంతలో ఇదంతా రాసి, అమ్మమ్మకు చదివి వినిపించాను. గోడలో తలుపు పుట్టించిన మనిషి కాస్తయినా మురిసిపోతుందనుకున్నాను. ఆవిడ కాల్చిన మిరపకాయల తొక్క ఒలుస్తూనే ఉంది.

“తలుపు పెట్టింది మేస్త్రీలు. ఎక్కింది పిల్ల,” అంది. “నాకు మిగిలింది బిందెకు సొట్ట. అది రాయలేదేంరా వెధవా?”