అక్క లెక్క

నా స్టూడెంట్లు ఏటా ఒకటే అడిగేవాళ్ళు: "ఎంట్రన్సుకి ఏ వర్క్‌బుక్కు కొనాలి మేడమ్?" ముప్పై ఏళ్ళు లెక్కల పాఠం చెప్పినదాన్ని. ఎంత చచ్చు ప్రశ్న వేసినా విసుక్కోకుండా జవాబిచ్చేదాన్ని. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం పుస్తకం పేరు చీటీ మీద రాసి, వాళ్ళ మొహం చూడకుండా చేతిలో పెట్టి పంపేసేదాన్ని. మేడమ్‌కి కోపం ఎక్కువ అనుకునేవాళ్ళు. కోపమే అయితే ఎంత బాగుండేది! అది సిగ్గు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో తార్నాకలో ఒక పుస్తకాల కొట్లో నేను చేసిన పనికి సిగ్గు.

మాది గుంటూరు వైపు. నాన్నగారు మిషన్ బళ్ళో టీచరు. ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో రెండు గదుల ఇంట్లో అమ్మ, నాన్నగారు, నేను, చెల్లి అద్దెకుండేవాళ్ళం. నేను బీఎస్సీ పరీక్షలు రాసేసి, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ లెక్కల్లో చేరాలని ఎంట్రన్సుకి చదువుతున్నాను. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఇది చాలదన్నట్టు ఒక ఆదివారం నాన్నగారు చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, మా అమ్మాయి సీటు కోసం ప్రార్థన చేయండి అని అడిగారు. ఇంకేముంది! ఆ రోజు నుంచి చర్చి గుమ్మంలో కనబడిన ప్రతి అత్తయ్యా "సీటొచ్చిందా అమ్మాయ్?" అనేది. పరీక్షే ఇంకా పెట్టలేదు మొర్రో అంటే వినిపించుకునేవాళ్ళు కాదు. సీటు రాకపోతే ఆ గుమ్మం ఎలా తొక్కాలా అని నాకు దిగులు పట్టుకుంది.

నా క్లాసులోనే ఒకమ్మాయి ఉండేది. క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు. వాళ్ళ నాయన క్యాంపస్ తోటల్లో మాలీ. నాకంటే ఆరు నెలలు చిన్నదంతే, అయినా నన్ను నోరారా అక్కా అనేది. తెలుగు మీడియం పిల్ల. ఇంగ్లీషులో పాఠం అర్థం కాని చోటల్లా నా పక్కకు జరిగి, "గిదేంది అక్కా?" అని గొణిగేది. నేను మహా పండితురాలిలా వివరించేదాన్ని. అలా అడిగినన్నాళ్ళూ ఆ పిల్లంటే నాకు ముద్దుగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం కాలేజీ రాతి మెట్ల మీద కూర్చుని ఒక ఇంటిగ్రేషన్ లెక్కతో కుస్తీ పడుతున్నాను. మూడు పేజీలు ఖరాబు చేశాను, తెగలేదు. ఆ పిల్ల జామకాయ కొరుక్కుంటూ వచ్చి, నా పుస్తకంలోకి వంగి చూసి, మార్జిన్‌లో నాలుగు లైన్లు రాసింది. జవాబు వచ్చేసింది!

"ఎట్లా చేశావే?" అన్నాను.

"ఏం లేదక్కా, సైను ఉన్న కాడ కొసైను పెట్టిన. ఉల్టా చేసిన. పాతది, ఉల్టాది రెండు కలిపిన. అయిపాయె!" అంది, మిగిలిన జామకాయ నా చేతిలో పెడుతూ.

ఆ జామకాయ నాకు మింగుడు పడలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణం నుంచి ఆ పిల్లంటే నాకు కుళ్ళు.

మా చర్చికి వచ్చే ఒక లెక్చరరుగారు, మా వైపాయనే, ఆరాధన అయ్యాక నాన్నగారిని పక్కకు పిలిచి ఒక వర్క్‌బుక్కు పేరు చెప్పారు. లావుపాటిది, అట్ట కూడా అందంగా ఉండదు. కానీ ఎంట్రన్సులో లెక్కలు ఆ ధోరణిలోనే వస్తాయట. నాన్నగారు మర్నాడే తెచ్చిపెట్టారు. నేను దానికి ఖాకీ అట్ట వేసేశాను. ఖాకీ అట్ట దేనికో పైకి ఒప్పుకోలేదు గానీ, పేరు ఎవరి కంటా పడకూడదనే వేశాను.

ఆ వారమే ఆ పిల్ల నన్ను పుస్తకాల కొట్టుకి తోడు రమ్మంది. వాళ్ళ నాయన ఒక్క పుస్తకానికి సరిపడా డబ్బిచ్చాడట. కొట్టాయన బల్ల మీద రెండు వర్క్‌బుక్కులు పెట్టాడు. ఒకటి సరిగ్గా నా దగ్గరున్న లావుది. రెండోది పల్చటిది, నున్నటి రంగుల అట్ట. ప్రతి లెక్క కిందా జవాబు రాసుకోవడానికి ఖాళీ జాగా. లోపలవన్నీ ఇంటర్ పిల్లలు చేసే లెక్కలు.

"గీ రెండిట్ల ఏది మంచిగుంటది అక్కా?" అని అడిగింది ఆ పిల్ల.

నేను రెండు పుస్తకాలూ తిరగేస్తూ నిలబడ్డాను. "జల్దీ చెప్పండమ్మా, అవతల గిరాకీ ఉన్నది" అన్నాడు కొట్టాయన.

"నాకేం ఎరుక? నువ్వు నాకు అక్క లెక్క. నువ్వు ఏది చెప్తె గదే కొంట" అంది.

వాళ్ళ మాటలో 'లెక్క' అంటే 'లాంటిది' అని నాకు అప్పటికే బాగా తెలుసు. తెలిసే వెక్కిరించాను. "అక్క లెక్కేమిటే? కూడికా, తీసివేతా?" అన్నాను. కొట్టాయన ఫక్కున నవ్వాడు. ఆ పిల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే నేను పల్చటి పుస్తకాన్ని దానివైపు తోశాను.

"ఇది చాలే. పరీక్షలో స్పీడు ముఖ్యం. ఆ లావుది ఊరికే మోత బరువు."

మారుమాట లేకుండా కొనేసింది. దారి పొడుగునా దాన్ని గుండెలకి హత్తుకునే నడిచింది. నేను చెప్పింది అబద్ధం కాదు, సలహా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సలహా! నా మొహం సలహా.

వారం తిరక్కుండా మా ఇంటికి వచ్చింది. "అయిపోయింది అక్కా, ఇంకేమన్న చెయ్యాల్నా?" అని. గుమ్మంలో దాని గొంతు వినగానే నేను లావు పుస్తకాన్ని కీర్తనల పుస్తకాల మధ్యకి తోసేశాను. అన్నింటికీ ఒకే రకం ఖాకీ అట్ట. దేవుడి పుస్తకాల మధ్య దాచడానికి నాకు చేతులెలా వచ్చాయో! "మళ్ళీ మొదట్నుంచీ చెయ్యి. చేతికి వేగం రావాలి" అన్నాను.

అమ్మ టీ గ్లాసులు తెచ్చింది. అమ్మకు ఇవేమీ తెలియవు. "ఏమే, మీ నాన్నగారు తెచ్చిన ఆ లావు లెక్కల పుస్తకం ఇద్దరూ కలిసి చేసుకోకూడదుటే?" అంది.

టీ నాకు పొలమారింది. "అది వేరే పేపరుదమ్మా, ఈ పరీక్షకి పనికిరాదు" అన్నాను దగ్గుతూనే.

ఆ పిల్ల పుస్తకం మాట పట్టించుకోనే లేదు. లేచి వచ్చి నా వీపు నిమిరింది. "మెల్లగ తాగు అక్కా" అంది. అప్పుడైనా చెప్పి ఉండచ్చు. పరీక్షకి ఇంకా నెల ఉంది. దానికి ఆ నెల చాలా ఎక్కువ. అది తెలుసు గనకే చెప్పలేదు.

పరీక్షలో పేపరు విప్పితే అన్నీ లావు పుస్తకం లెక్కలే, అంకెలు మార్చి ఇచ్చారు. నా కలం ఆగలేదు. బయటికి వచ్చేసరికి ఆ పిల్ల వేపచెట్టు కింద నిలబడి ఉంది. "గివి ఏడికెల్లి ఇచ్చిండ్రు అక్కా? మన పుస్తకంల ఒక్కటి గూడ లేదు గద!" అంది.

మన పుస్తకం అంది. "ఈసారి కష్టంగానే ఇచ్చారే" అని నేను చెప్పు సరిచేసుకునే వంకతో కిందకి వంగాను.

నాకు సీటొచ్చింది. దానికి రాలేదు. తర్వాతి ఆదివారం నాన్నగారు చర్చిలో కృతజ్ఞత చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. నేను తలెత్తలేదు. ఎంత వినయమో పిల్లకి అని అత్తయ్యలు మురిసిపోయారు.

ఓదారుద్దామని ఆ సాయంత్రం మాణికేశ్వర్ నగర్ వెళ్ళాను. దేనికి వెళ్ళానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. దాని మొహం చూసి, నా మీద అనుమానం లేదని రూఢి చేసుకోవడానికే వెళ్ళాను. వాళ్ళ నాయన నులకమంచం వాల్చి కూర్చోమన్నాడు. పని నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, కాళ్ళకు తడి మట్టి. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు బిడ్డా. కితాబు మంచిది కాక దీనికి సీటు రాలేదంటవా? గట్లయితె ఇంకోటి కొనిస్త, వచ్చే ఏడు మళ్ల రాయిస్త. లేకుంటె టీచర్ ట్రైనింగుల ఏస్త. నువ్వు గూడ గదే కితాబు సదివినవా?"

గుమ్మంలో నిలబడి ఆ పిల్ల నన్నే చూస్తోంది. సీటు అప్పటికే నాది. ఎవరూ వెనక్కి లాక్కోరు. పరీక్ష లేదు, పోటీ లేదు. కాదండీ, ఆ పుస్తకం మంచిది కాదు, ఇంకోటుంది అంటే చాలు, ఒక ఏడాది ఆలస్యంగా అదీ నా వెనకే వచ్చేది. కానీ అలా అంటే, మరి దానికెందుకు చెప్పలేదని అడుగుతారుగా!

"అవునండీ," అన్నాను, "అదే చదివాను."

"నేను చెప్పలేదా నాయినా!" అంది ఆ పిల్ల. "అక్క గదే సదివింది, ఆమెకొచ్చింది. కితాబుది ఏం తప్పు? నా తలకాయలనే లేదు."

ఆయన "అయితె ఇగ వద్దు తియ్యి" అని లేచిపోయాడు. ఇంటిగ్రేషన్‌ని ఉల్టా చేసి నాలుగు లైన్లలో తెగ్గొట్టిన తల అది. అందులో ఏమీ లేదని నా కళ్ళముందే నమ్మేసింది. నేను నులకమంచం మీద కూర్చుని నమ్మనిచ్చాను.

వచ్చేస్తుంటే ఆ పల్చటి వర్క్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ చెల్లెకు పనికొస్తది. పెన్సిల్‌తోటి చేసి రబ్బరు పెట్టిన, ఖరాబు కాలేదు" అంది. ఆ ఎండాకాలం పోగానే ట్రైనింగులో చేరింది. తర్వాత ఏదో పల్లెలో బడి పంతులమ్మ అయిందని విన్నాను. వెతికి పట్టుకోవడం కష్టం కాదు. నేనే వెతకలేదు.

వర్క్‌బుక్కు మా చెల్లికి ఇవ్వలేదు. నా దగ్గరే ఉంది. రాసి చెరిపి, రాసి చెరిపి, ఆ ఖాళీ జాగాల్లో కాగితం నూగు లేచి మెత్తబడిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యమన్నాను కదా, ఎన్నిసార్లు చేసిందో. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిల్ నొక్కుళ్ళు ఇంకా కనబడతాయి. ఒక్క జవాబూ తప్పు లేదు.

అక్క లెక్కంటే కూడికా, తీసివేతా అని నవ్వింది నేనే. తీసేసింది కూడా నేనే.