ట్రంకుపెట్టె తెరిచే ఆదివారం

ఆకులు రాలడం మొదలై, పొద్దున్నే మంచం దిగితే గచ్చు అరికాళ్లకు జివ్వున చల్లగా తగిలిన వారం వచ్చే ఆదివారం, కుట్టుపిన్ని ఇంట్లో చలికోట్ల ట్రంకుపెట్టె తెరిచేవారు. వీధి మొత్తానికి ఆమె పిన్నే. కోట్లు బిగించడం, వదులు చేయడం, లోపల చిరిగిన అస్తరు గుడ్డ మార్చడం ఆమె పని. సైకిలుకు సానరాయి బిగించుకుని ఊరంతా తిరిగే ఆమె భర్తను సాన బాబాయి అనేవాళ్లు. ఊరందరి కత్తెరలూ తళతళలాడించే ఆ మనిషికి పెళ్లాం కత్తెరకు సానపట్టే తీరిక మాత్రం ఏ ఏడూ దొరకలేదు.

పెట్టె తెరవడమంటే ఆమె పిల్లలిద్దరికీ ఎందుకంత సరదా అంటే, ఎండలు ముదిరేముందు కోట్లు మడిచిపెట్టేటప్పుడు పిన్ని ఒక్కో జేబులో ఒక్కో వస్తువు దాచేది. గోళీ, పెన్సిలు ముక్క, గుప్పెడు అక్రోట్లు, ఒకసారైతే కొడుక్కి ఊడిన పాలపన్ను. ఆరు నెలల్లో అందరూ మరిచిపోయేవాళ్లు. చలి మొదలయ్యాక కలరా ఉండల వాసన కొట్టే జేబులోకి చేయి పోనిచ్చి, అడుగున ఏదో తగలగానే వాళ్ల మొహాలు ఎలా మారతాయో చూస్తూ నిలబడేది. కూతురు నర్సుగా ఉద్యోగంలో చేరి, పెళ్లయి, తనకో పిల్ల పుట్టాక కూడా ఆ ఆదివారానికి వచ్చి పాత కోటు జేబు తడుముకునేది. పిన్ని జేబు మాత్రం ఖాళీయే. పెట్టేది తనేనాయె.

ఒక ఏడాది, కోట్లు మడిచే రోజుల్లో ఆమె ఆపరేషనై ఆసుపత్రిలో ఉంది. మడిచింది బాబాయే. జేబులు నింపడం పిల్లచేష్టలని ఏటా విసుక్కునే మనిషాయన. పైగా ఆమె ఇంటికొచ్చేసరికి, దారాలు కత్తిరించే చిన్న కత్తెర కనబడలేదు. వాళ్లమ్మ ఇచ్చిన కత్తెర. వేసవంతా ఇల్లు పీకి పందిరేసింది. కొడుకును నిలదీసింది, పక్కింటి పిల్లిని తిట్టింది, భర్తనైతే పూటకోసారి దులిపేసింది. ఆయన తలొంచుకుని భోంచేసి లేచి వెళ్లేవాడు.

చలి దగ్గరపడేకొద్దీ ఆమెకు ఒకటే బెంగ. ఈసారి మొదటిసారిగా మనవరాలి కోటూ ఆ పెట్టెలోనే ఉంది. తన జేబులో ఏముంటుందోనని ఐదేళ్ల ఆ పిల్ల నెలరోజులుగా అందరినీ అడుగుతోంది. ఖాళీ జేబు తడిమి చిన్నబోతే ఎలా? శనివారం అక్రోట్లు కొనుక్కొచ్చి, మర్నాడు వాళ్లొచ్చేలోపు గుట్టుగా నింపేద్దామనుకుంది. తీరా ఆదివారం పొద్దున చలి గట్టిగా కొట్టేసరికి, కూతురు పిల్లను తీసుకుని తొలి బస్సుకే దిగిపోయింది. పిన్ని పొట్లం పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసరికే పెట్టె మూత లేచి ఉంది.

మనవరాలు జేబులో చేయి పెట్టింది. పెట్టిన చేయి బయటికి రాలేదు.

"అమ్మమ్మా, లోపల ఏదో నన్ను పట్టుకుంది," అంది.

చాక్లెట్లు. వేసవి వేడికి కరిగి, కాగితాలతో సహా అస్తరుకు అతుక్కుపోయాయి. కూతురి జేబులోనూ అంతే, కొడుకు జేబులోనూ అంతే. నాన్న అందరి కోట్లకూ లోపలివైపు పూత పూయించాడని కొడుకు వేళ్లు నాకుతూ నవ్వాడు. బాబాయి కిటికీ వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఎండాకాలం ఇవి కరుగుతాయని తెలీదూ?" అంది పిన్ని.

"నువ్వు ఇంట్లో లేవు కదే, ఎవర్నడగను? ముందు నీది చూసుకో."

ఆమె తన కోటు జేబును అలా ఆశగా ఎన్నడూ తడిమి చూసింది లేదు. పాతగుడ్డలో చుట్టినదేదో తగిలింది. విప్పితే చిన్న కత్తెర. రెండు రెక్కలూ అద్దాల్లా ఉన్నాయి.

 ఆమె మనవరాలి కోటు ఒళ్లోకి లాక్కుని, జేబు తిరగేసి, పాడైన అస్తరును కత్తిరించింది. కత్తెర వెన్నలో దిగినట్టు దిగింది. అక్రోట్ల పొట్లం పిల్ల చేతికిచ్చి, తలెత్తకుండానే అంది:

"పెద్ద కత్తెర కూడా మొద్దుబారింది."

ఆదివారం ఎన్నడూ కదలని సానరాయి ఆ పూట సొంత గుమ్మం ముందు గిర్రున తిరుగుతుంటే, వీధి వీధంతా చలిలో బయటికొచ్చి నిలబడి చూసింది.