నడవడి గడిలో ఒక మాట

కుప్పయ్య ముప్పయ్యొక్క ఏళ్లలో ఎన్ని టీసీలు రాశాడో ఆయనకే తెలియదు. పూతలపట్టు కూడలికి మైలు దూరంలో ఉన్న హైస్కూల్లో ఆయన గుమాస్తా. పదో తరగతి ఫలితాలొచ్చిన వారం నుంచి పిల్లలూ, వాళ్ల అమ్మానాయనలూ ఆయన బల్ల ముందు వరసగా నిలబడేవాళ్లు. పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, ఇవన్నీ రిజిస్టరు చూసి దించుకోవచ్చు. ఒక్క గడి మాత్రం ఏ రిజిస్టర్లోనూ దొరకదు. అది నడవడి. ఆ గడిలో ఆయన దాదాపు అందరికీ 'గుడ్' అని రాసేవాడు.

ఒకే మాట అన్ని వేలసార్లు రాసిన మనిషికి దానిమీద విసుగైనా పుట్టాలి, మోజైనా పుట్టాలి. కుప్పయ్యకు మోజు పుట్టింది. తిరుపతిలో పాత పుస్తకాల అంగట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువు కొన్నాడు. ఆ ఒక్క మాటకే అందులో రెండు పేజీలున్నాయి. మంచి మనిషికీ అదే, అదునుకు కురిసిన వానకీ అదే, విరగని పాలకూ అదే, ఏడాది చెల్లే టికెట్టుకూ అదే, చెప్పిన మాట వినే పిల్లకూ అదే. దాని వెనక చుట్టాల్లాగా వచ్చిన మాటలు ఇంకో నలభై. రోజుకొకటి నోటుబుక్కులో దించుకుని, సాయంత్రం ఇంటికొచ్చి భార్య శకుంతలమ్మకు చెప్పేవాడు.

శకుంతలమ్మ ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంగ్లీషు రాదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆయన చెప్పే అర్థాలు వినేది. ఒకరోజు విసిగిపోయి, "ఇట్లా చెప్తే నాకు ఎక్కదు గానీ, అది మన వీధిలో ఎవురో చెప్పు" అనింది.

ఆ రోజు మాట 'డీసెంట్'. ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే ఆమే అందుకుంది.

"రచ్చ చెయ్యకుండా, ఒకరి జోలికి పోకుండా ఉండేవాడా? అయితే ఇస్త్రీ దేవరాజులు. రాసుకో."

"నువ్వే రాయి" అని నోటుబుక్కు ఆమె ముందుకు తోశాడు.

అప్పట్నుంచి అదే పద్ధతి. ఎడమవైపు ఆయన రాతలో ఇంగ్లీషు మాట, కుడివైపు ఆమె రాతలో ఒక మనిషి పేరు. 'ప్లెజెంట్' పక్కన పాల చంద్రకాంతమ్మ. 'జెంటిల్' పక్కన ఎదురింటివాళ్ల ఎనుము. మనిషి పేరు కదా రాయాల్సిందని ఆయనంటే, "మనుషుల్లో దొరకలేదబ్బా, నన్నేం చెయ్యమంటావు" అనింది. 'శాటిస్‌ఫ్యాక్టరీ' వచ్చిన రోజు ఆమె ఆలోచించనే లేదు. కుప్పయ్య అని రాసేసింది.

"ఏందే, నేనా?"

"నువ్వే. పనికొస్తావు. గొప్పగా చెప్పుకునేదానికీ లేదు, వంక పెట్టేదానికీ లేదు."

ఈ మాట ఆయన ఆఫీసులో కూడా చెప్పుకుని నవ్వేవాడు.

'గుడ్' పక్కన మాత్రం ఎవరి పేరూ రాయనంది. "అందురికీ రాసి రాసి అరగదీసినావు. అదింక ఏ ఒక్కరికీ సరిపోదు" అనింది. 'అప్‌రైట్' పక్కన కూడా ఖాళీయే. ఎవరి ముందూ నడుం వంచని మనిషి అని ఆయన అర్థం చెప్తే, వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా మనసులోనే ఒకసారి నడిచొచ్చి, "ఉండనీ. యాడో ఒకరు ఉంటారు, సూద్దాం" అనింది. చూడకముందే, మూడేళ్ల కిందట, జ్వరమని చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోతే పదకొండో రోజున పోయింది. నోటుబుక్కు ఆఫీసు బల్ల సొరుగులోకి చేరింది. ఆ తర్వాత అందులో ఒక్క పేరూ ఎక్కలేదు.

ఈ ఏడాది మే నెలలో, కుప్పయ్య రిటైరుమెంటుకు మూడు నెలలుండగా, ధరణి టీసీ ఆయన బల్ల మీదికి వచ్చింది. ధరణి అవ్వ దగ్గర పెరిగిన పిల్ల. అవ్వ గంగులమ్మ మామిడిపండ్ల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయి పండ్లు కోస్తుంది. పిల్లకు తిరుపతిలో హాస్టలున్న కాలేజీలో సీటు వచ్చింది. సోమవారంలోగా టీసీ ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

హెడ్మాస్టరు గిరిప్రసాద్ గూడూరు నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్లయింది. కుప్పయ్యను గదిలోకి పిలిచాడు.

"ఈ అమ్మాయికి గుడ్ వద్దు. శాటిస్‌ఫ్యాక్టరీ అని రాయండి."

"ఏం చేసింది సార్?"

"ఏం చేసిందో మీకు తెలీదా?"

తెలుసు. ఆడపిల్లల మరుగుదొడ్లకు నాలుగు నెలలుగా నీళ్లు రాలేదు. ధరణి ఒక అర్జీ రాసి, అరవైమంది ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించి, బడి చూడ్డానికొచ్చిన అధికారి చేతికి ఇచ్చింది. వారంలో నీళ్లొచ్చాయి. దాంతోపాటు హెడ్మాస్టరుకు మెమో కూడా వచ్చింది.

"బ్యాడ్ అని రాయమనలేదే నేను. శాటిస్‌ఫ్యాక్టరీ అంటే తృప్తికరం. డిక్షనరీ మీ దగ్గరే ఉందంట కదా, చూసుకోండి" అన్నాడు గిరిప్రసాద్.

నిఘంటువులో అట్లానే ఉంది. శకుంతలమ్మ చెప్పిన అర్థమూ చెడ్డదేం కాదు. కానీ కాలేజీలో సీట్లిచ్చే కిటికీ దగ్గర ఆ మాటకు అర్థం వేరే. కుప్పయ్య తన సర్వీసులో ఆ మాట అయిదుసార్లు రాశాడు. అందులో ఒక తండ్రి తిరిగొచ్చి, "మావాడు దొంగతనం చేసినాడా అని అడిగినారు సామీ" అని కుప్పయ్య బల్ల ముందు నిలబడ్డాడు. ఆ పిల్లవాడికి సీటు ఇవ్వలేదు.

కుప్పయ్య టీసీ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"రాస్తాను సార్. కాకపోతే, గుడ్ కాని మాట రాస్తే దానికి కారణం నడవడి రిజిస్టర్లో హెడ్మాస్టరే సొంత చేత్తో రాసి సంతకం పెట్టాల."

"అట్లాంటి రిజిస్టరొకటుందా?"

"తెస్తాను సార్."

అట్లాంటి రిజిస్టరు ఆ బడిలో ఎప్పుడూ లేదు. కుప్పయ్య బీరువా తెరిచి కొత్త పొడుగు పుస్తకం తీశాడు. స్కేలు పెట్టి గీతలు గీశాడు. వరస సంఖ్య, పేరు, రాసిన మాట, కారణం. నాలుగో గడి అన్నిటికంటే వెడల్పుగా గీశాడు.

గిరిప్రసాద్ పుస్తకం తిరగేశాడు. "ఇందులో ఏమీ లేదే?"

"కొత్తది సార్" అన్నాడు కుప్పయ్య. ఆ మాటలో అబద్ధం లేదు.

గిరిప్రసాద్ పెన్ను మూత తీశాడు. ఒకటి అని వేశాడు. పేరు రాశాడు. మూడో గడి దాటి నాలుగో గడి దగ్గర ఆగాడు. మరుగుదొడ్డికి నీళ్లడిగింది అని రాయాలి. లేదంటే ఇంకేదైనా కల్పించి, దాని కింద సంతకం పెట్టాలి. తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టి పుస్తకం మూశాడు.

"రిటైరయ్యే ముందు బాగానే నేర్చారు కుప్పయ్యా. మీకు తోచింది రాసి తీసుకురండి, పెడతాను సంతకం."

మధ్యాహ్నం ధరణి వచ్చింది. టీసీ చేతికిస్తే ముందు నడవడి గడే చూసుకుంది.

"గుడ్ అని రాసినారా సార్? ఇంకేదో రాస్తారని అన్నారు పిల్లోళ్లు."

"అందరికీ అదే రాస్తానమ్మా" అంటూ ముద్ర వెయ్యడానికి స్టాంపు ప్యాడు కోసం సొరుగు లాగాడు. ప్యాడు మీదున్న నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. ధరణి దాన్ని తెరిచి చదివింది. ఎనుము దగ్గర నవ్వింది. ఇదేందని అడిగితే ఆయన సంగతంతా చెప్పాడు. చెప్తూ 'అప్‌రైట్' దగ్గర వేలు పెట్టాడు. పొద్దున్నుంచి ఆ ఖాళీలో ఏ పేరు రాయాలో ఆయన మనసులో ఉంది.

"దీనికి అర్థమేంది సార్?"

చెప్పాడు.

"అయితే మా అవ్వ" అంది ధరణి, ఆలోచించకుండానే. "ఆ అర్జీ ఇయ్యాలంటే నాకు భయమేసింది సార్. రాసిన కాయితం ఇంట్లో పెట్టుకుంటే ఏమొస్తాది, పోయి ఇయ్యి, మిగతాది నేను చూసుకుంటా అనింది."

కుప్పయ్య పెన్ను ఆ పిల్ల చేతికే ఇచ్చాడు. గంగులమ్మ అని రాసింది. శకుంతలమ్మ గుండ్రటి రాత కింద అది కొంచెం పక్కకు వాలిన రాత. తిరుపతి బస్సు వేళయిందని, ముద్ర వేయించుకున్న టీసీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కుప్పయ్య సిరా ఆరేదాకా ఆగి నోటుబుక్కు మూశాడు. తర్వాత రిటైరయ్యేటప్పుడు కొత్త గుమాస్తాకు అప్పగించాల్సిన పుస్తకాల జాబితా తీశాడు. ఇరవై రెండున్నాయి. పొద్దున గీతలు గీసిన పొడుగు పుస్తకానికి బడి ముద్ర వేసి, జాబితా చివర ఇరవైమూడు అని రాసి, దాని పక్కన 'నడవడి రిజిస్టరు, కారణాలతో' అని చేర్చాడు.