వాక్యం అట్ట వేసిన దయ్యాల పుస్తకాలు

అక్షరాలు చదివే కళ్ళనూ, చదివింది నమ్మే మనసునూ, అప్పుడప్పుడు నన్ను చూసి నేనే నవ్వుకునే తెలివినీ ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఈ ఉదయం సంఘంలో ఇచ్చిన కొత్త క్యాలెండరు గోడకు తగిలించి పాతదాన్ని దించాను. నున్నటి మందపు కాగితం, పైన పెద్ద అక్షరాలతో ఆ నెల బైబిలు వాగ్దాన వాక్యం, కింద తేదీలు. వాక్యం ఉన్న కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రావు కాబట్టి మా తాడేపల్లిగూడెం విశ్వాసుల ఇళ్ళలో పాత క్యాలెండర్లన్నీ పుస్తకాలకు అట్టలవుతాయి. కత్తెర కోసం లేచానో లేదో మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ వెనకాలే రైసుమిల్లు దయ్యం కూడా వచ్చింది. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వేశాను.

మా అత్తగారు కైకలూరు వైపు పల్లెలో ముప్ఫై ఏళ్ళు సండేస్కూలు నడిపిన మనిషి. మా ఇంటికి వచ్చేసినప్పుడు ఆవిడతోపాటు ఒక ట్రంకుపెట్టె వచ్చింది. దాని నిండా పుస్తకాలు, ప్రతి పుస్తకానికీ క్యాలెండరు అట్ట, ప్రతి అట్ట మీదా ఒక వాక్యం. ఏడాదికి రెండుసార్లు వాటిని ఎండలో పెట్టి, దుమ్ము దులిపి, భక్తిగా సర్దేదాన్ని. ఒక్కటైనా తెరిచి చూడలేదు. అట్ట మీద వాక్యం కనిపించాక లోపల ఏముందో చూడాలన్న ఆలోచనే రాలేదు నాకు. పైగా నేనూ సండేస్కూలు టీచర్నే. డిటెక్టివు నవలలు, దయ్యాల నవలలు సాతానుకు తలుపు తీస్తాయని పిల్లలకు ఏటా ఒక పాఠం చెప్పేదాన్ని. ఆ పాఠం చెప్పేటప్పుడు ఆవిడ వెనక బల్ల మీద కూర్చుని గోడకేసి చూసేవారు. వయసు మీద పడింది, అలసిపోయారనుకునేదాన్ని.

ఏలూరులో ఆవిడ కంటికి శుక్లం ఆపరేషను అయ్యింది. నెలరోజులు చదవకూడదన్నారు డాక్టరుగారు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వాక్యం చదివి వినిపించేదాన్ని. మూడోరోజున చదవడం ముగించి గ్రంథం మూశాక ఆవిడ, "అయిందా? ఇప్పుడు పెట్టెలోంచి మే నెల అట్టది తియ్యమ్మాయ్" అన్నారు. తీశాను. మొదటి పేజీలోనే, మూతపడిన రైసుమిల్లులో పట్టపగలు పన్నెండింటికి సైరను దానంతటదే మోగింది. మిల్లుకి కరెంటు తీసేసి పదేళ్ళయింది.

"అత్తయ్యగారూ! ఇది దయ్యం కథండీ!"

"మరి పాటల పుస్తకం అన్నానా? చదువు."

"దీనికి వాక్యం అట్టేంటండీ?"

"దాని అసలు అట్ట మీద బొమ్మ చూస్తే నాకే వణుకు. వాక్యం కప్పేననుకో, లోపలున్నది లోపలే ఉంటది."

పాపమేమో అని నసిగాను. నల్లకళ్ళజోడు పెట్టుకుని గోడకు ఆనుకున్న ఆవిడ, బైబిల్లో చూస్తే లోకంలో మొదటి ఇంట్లోనే అన్న తమ్ముణ్ణి పొలంలో చంపలేదా, వచ్చి ఆరా తీసింది దేవుడే కాదా, రాజుగారి విందులో మనిషి లేకుండా వట్టి చెయ్యి గోడ మీద రాయలేదా అని వరసగా అడిగారు. రెండో పేజీ తిప్పాను. ఆ మధ్యాహ్నం కాఫీ పెట్టడం మరిచిపోయాను. కుక్కరు విజిలు వేస్తే ఇద్దరం ఉలిక్కిపడి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. యాభై రెండేళ్ళ వయసులో, ఎర్రటి ఎండలో, ఒక కథ నా వీపున చన్నీళ్ళు పోయగలదని అప్పుడే తెలిసింది. ఏ పుస్తకం చదవదగ్గదో తేల్చడానికి ఆవిడకో కొలత ఉండేది. దయ్యం కంటే మనిషిని చూసి ఎక్కువ భయపడాలి, దొరికిన హంతకుణ్ణి చూసి కొంచెం జాలిపడాలి. ఊరికే రక్తం పారించిన పుస్తకాలకు ఆవిడ అట్టే వెయ్యలేదు.

అయిదోరోజుకి బాయిలరు తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపలికి తొంగిచూసిన నాయిక, అక్కడున్న శవాన్ని పేరుపెట్టి పిలిచి కెవ్వుమంది. అంతే, మొదటి భాగం సమాప్తం.

"రెండోది జూన్ నెల అట్ట, ఆకుపచ్చది. తియ్యి, తియ్యి" అని మంచం మీదే తొందరపడ్డారు అత్తగారు. పెట్టె అడుగుదాకా వెతికాను. లేదు. వెతుకుతుండగానే గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం కొల్లేటి లంకలో మంచాన పడ్డ ఒక సంఘ పెద్దగారిని పరామర్శించడానికి మా స్త్రీల సమాజం వెళ్ళింది. ఆదరణ కలిగించే పుస్తకం ఏదైనా ఇద్దామని, పెట్టెలోంచి పైనున్నది తీసి, ఆకుపచ్చ అట్ట మీద 'ప్రార్థనతో' అని రాసి, కింద నా పేరు పెట్టి, నా చేతులతో నేనే ఇచ్చొచ్చాను.

అత్తగారికి కావలసింది హంతకుడు. నాకు పట్టుకున్న భయం వేరు. నడుం కదపలేని భక్తుడి చేతిలో నా సంతకంతో దయ్యాన్ని పెట్టానే! ఆయన భయపడి ఉంటే? లంక సంఘమంతా చూసి ఉంటే? ఆ రాత్రంతా క్షమాపణ వేడుకుని, తెల్లారగానే బయల్దేరాను. కంటికి దుమ్ము తగలకూడదన్నా వినకుండా నల్లకళ్ళజోడుతో అత్తగారూ బస్సెక్కారు. మొదటి భాగం ఆవిడ సంచిలోనే ఉంది. గణపవరం మీదుగా ఆకివీడు, అక్కణ్ణుంచి చేపల చెరువుల గట్ల మీద ఆటో. మేత వాసన, నీళ్ళ మీద గూడకొంగలు, ప్రతి గతుకుకీ నాలో ఒక ప్రార్థన.

పెద్దాయన కోడలు గుమ్మంలోనే చెప్పింది. "మీరిచ్చిన పుస్తకమాండీ? మా మావయ్యగారు దిండు కిందే పెట్టుకుంటారండి. ఎవర్నీ ముట్టుకోనివ్వరు."

మంచం దగ్గరికి వెళ్ళి, "వందనాలండి... పొరపాటున..." అంటుండగానే ఆయన మోచేతి మీద పైకి లేచారు.

"వచ్చేవా తల్లీ! మొదటి భాగం తెచ్చేవా?"

నేను అత్తగారి సంచికేసి చూశాను.

"చంపినోడెవడో తెలుసమ్మా నాకు, చచ్చిందే ఎవరో తెలీదు! పుస్తకం నిండా హతుడు, హతుడు అంటాడు గానీ ఆ హతుడి పేరు ఒక్కచోటైనా చెప్పడే! రెండేళ్ళబట్టీ కనబడ్డవాళ్ళనల్లా అడుగుతున్నా. ఆ సంగతి తేలేదాకా నన్ను ఉంచమని దేవుణ్ణి అడుగుతున్నా."

అత్తగారు సంచిలో చెయ్యి పెడుతూనే గొంతు పెంచారు. "హంతకుడి పేరు మాత్రం ఎత్తేరంటే ఊరుకోనండీ, పెద్దాయనని కూడా చూడను!"

"ఎత్తనమ్మా, ఎత్తను. చదివించండి ముందు."

ఆ మంచం పక్కన బల్లపీట మీద కూర్చుని మొదటి భాగం మళ్ళీ మొదటినుంచీ చదివాను. సైరను మోగిన ప్రతిసారీ ఆయన కళ్ళు మెరిసేవి. ఎవరో నాకు తెలుసులే అన్నట్టు దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకునేవారు. అత్తగారు అటు చూడకుండా మొహం తిప్పుకునేవారు. బాయిలరు తలుపు తెరుచుకున్నాక రెండో భాగం అందుకున్నాను. మొదటి వాక్యంలోనే హతుడు! అప్పటికి వాడెవడో ముగ్గురికీ తెలుసు. పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం" అన్నారు. కోడలు పొయ్యి మీద చేపల కూర మాడబెట్టి గుమ్మంలో నిలబడిపోయింది. సాయంత్రం ఆఖరి ఆటో హారను కొట్టేవేళకు హంతకుడు దొరికాడు. మేం నలుగురం వాడిమీద కొంచెం జాలిపడ్డాం.

వస్తూ వస్తూ క్షమించమన్నాను. "ప్రార్థనతో అని రాసిచ్చేవు గదమ్మా, పనిచేసింది" అన్నారాయన. రెండు భాగాలూ అక్కడే వదిలేసి వచ్చాం. ఆ వానాకాలంలోనే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. పై ఏడు మా అత్తగారూ వెళ్ళారు. అప్పటికి పెట్టె సగం చదివాం. నా సండేస్కూలు పాఠం ఒకటి తగ్గింది.

ఇదిగో, కత్తెర దొరికింది. మొన్న కొన్న పుస్తకంలో పాడుబడ్డ కాలవ లాకుల దగ్గర ఎవరో తలుపు కొడుతున్నారు, ఎవరో ఇంకా తెలియదు. నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి. ప్రభువా, మొదలు చూడకుండా వచ్చి చివర చూడకుండా వెళ్ళిపోయే మాకు, చేతికందిన ఈ నాలుగు పేజీల కాలాన్నీ ఇంత ఆత్రంగానూ చదువుకోనివ్వు. ఆమేన్.