వదిన రాసిన తిండి పుస్తకం

మా వదిన ఒక బడిలో పెద్ద వంటమనిషి. మూడు వందల మంది పిల్లల మధ్యాహ్న భోజనం ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాలి. వడ్డన అయ్యాక మిగతా వంటవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. వదిన మాత్రం ఎంగిలి పళ్ళేలు వెనక్కి వచ్చే కిటికీ దగ్గర నిలబడేది. ఎవరు క్యారెట్ ముక్కలు మిగిల్చారో, ఎవరు గుడ్డులో పచ్చసొన వదిలేశారో ఆవిడకి కావాలి. మర్నాడు ఆ పిల్లని పట్టుకుని, బుజ్జగించో బెదిరించో తినిపించేదాకా వదలదు. బీట్‌రూట్ చూసి ఏడ్చే పిల్లల చేతే మారు అడిగించుకున్న ఘనురాలు. ఆ సంగతి తనే చెప్పుకునేది కూడా, మొహమాటం లేకుండా.

అలాంటి మనిషి కూతురు నాలుగే నాలుగు తింటుంది. అంచులు కోసేసిన రొట్టె, ఏమీ కలపని నూడుల్స్, పాలు, నీలం ప్యాకెట్‌లో వచ్చే ఒక రకం బిస్కెట్. ప్యాకెట్ రంగు మారితే ముట్టుకోదు. పాపకి ఎనిమిదేళ్ళు, ఆటిజం ఉంది, మాటలు తక్కువ. కొత్త వాసన దగ్గరికొస్తే ముక్కు మూసుకుని బల్ల కింద దూరుతుంది. మా అన్నయ్య నెలలో ఇరవై రోజులు లారీ మీదే ఉంటాడు కాబట్టి తిండి దగ్గర తిప్పలన్నీ వదిన ఒక్కతే పడేది.

నా నిర్వాకం కూడా చెప్పాలి. ఒకసారి మా ఇంట్లో చుట్టాలందరూ భోజనాలకి కూర్చున్నారు. పాప తన రొట్టె ముక్క తీసుకుని మూలకి వెళ్ళిపోయింది. నేను ఊరుకోవచ్చు కదా!

"ఊళ్ళో పిల్లలందరికీ తినిపిస్తావు, నీ పిల్ల నోట్లోకి ముద్ద పోదేం వదినా?" అన్నాను.

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. ఆ తర్వాత పాప తిండి గురించి ఆవిడ నోట ఒక్క మాట నేను వినలేదు.

పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్ ఒక నోటు పుస్తకం ఇచ్చి, పాప ఏ పూట ఏం తిన్నదో, ఎంత తిన్నదో నెల రోజులు రాసి తెమ్మంది. మొదటి రోజు వదిన నిజమే రాసిందట. రొట్టె, పాలు, మళ్ళీ రొట్టె, మళ్ళీ పాలు. రాసింది చదువుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించిందట. ఆ కాగితం చింపేసి, బడి వంటగది గోడ మీదున్న వారం వంటల పట్టిక ఎక్కించేసింది. సోమవారం గుడ్డు, పాలకూర. మంగళవారం చిక్కుళ్ళు, నారింజ. నమ్మేట్టుగా కూడా రాసింది: పాలకూర సగం వదిలేసింది, నారింజ తొనలు నాలుగు తిన్నది అని. అవన్నీ ఆ ఎంగిలి కిటికీ దగ్గర రోజూ చూసేవే.

డైటీషియన్ మురిసిపోయి ఆ పుస్తకాన్ని మిగతా తల్లులకి చూపించింది. వాళ్ళు వదిన చుట్టూ చేరి, "ఎలా తినిపిస్తున్నారండీ, మాకూ చెప్పండి" అని అడిగారు. ఈవిడ చెప్పింది! ముక్కలు సన్నగా తరగాలి, ముందు వాసన అలవాటు చెయ్యాలి అంటూ. ఇక వెనక్కి తగ్గే దారి లేకపోయింది. నెల అయ్యాక కూడా డైటీషియన్ రాస్తూనే ఉండమంది, ఏడాదిలో మూడు పుస్తకాలు నిండాయి.

ఆ చలికాలం పాప కుంటడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి అసలు నిలబడనంది. పళ్ళు తోమితే చిగుళ్ళలోంచి రక్తం. ఆసుపత్రిలో చేర్చారు. అన్నయ్య ఎక్కడో దూరాన ఉన్నాడు, నేను తోడు వెళ్ళాను. ఎక్స్‌రేలు తీశారు, రక్తం తీశారు. పెద్ద డాక్టరు మంచం దగ్గర నిలబడి పుస్తకం తిరగేశాడు.

"గుడ్డు, ఆకుకూర, నారింజ. తిండి బాగానే ఉంది. కాబట్టి లోపం రక్తంలోనో ఎముకలోనో ఉండాలి, అది వెతుకుదాం," అన్నాడు.

నారింజ అన్న మాటతో నాకు సంగతంతా అర్థమైంది. వదిన వైపు చూశాను. ఆవిడ నన్నే చూస్తోంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. పదిమందిలో ఒకసారి ఆవిడ పరువు తీశాను, ఈసారైనా కాపాడదామనుకుని నోరు మెదపలేదు. మధ్యాహ్నం పాపకి మళ్ళీ రక్తం తీశారు. పిల్ల గింజుకుంటుంటే ఇద్దరు నర్సుల వల్ల కాక, కాళ్ళు నన్ను పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

సాయంత్రం ఒక కాగితం తెచ్చారు. పాపకి మత్తిచ్చి, తుంటి ఎముకలోకి సూది దింపి లోపలి మూలుగ తీసి చూస్తారట. తల్లి సంతకం కావాలి. వదిన పెన్ను తీసుకుంది, మళ్ళీ కింద పెట్టేసింది.

"ఆ పుస్తకంలో ఉన్నది మా బడి పిల్లలు తిన్నదండీ," అంది. "నా కూతురు తిన్నది కాదు."

"మరి పాప ఏం తింటుంది?" అన్నాడు డాక్టరు.

"రొట్టె, నూడుల్స్, పాలు, బిస్కెట్. మూడేళ్ళుగా ఇంకేమీ తినలేదు."

సూది ఆపేశారు. వేరే పరీక్ష చేయించారు. ఒంట్లో విటమిన్ సి అన్నదే లేదట. పళ్ళూ కూరలూ అందని పిల్లలకి కాళ్ళు అలాగే పట్టేస్తాయట. మందు మొదలుపెట్టిన ఆరో రోజున పాప మంచం దిగి గోడ పట్టుకుని నడిచింది. సంతోషించాల్సింది పోయి వదిన మొహం కప్పుకుని ఏడ్చింది. వారం మందుకి లొంగే జబ్బుకి కన్నబిడ్డని అన్ని సూదులు పొడిపించానే అని.

డైటీషియన్ వచ్చింది. తిడుతుందనుకున్నాం. వదిన పక్కన కూర్చుని, "ఎందుకు అలా రాశారండీ?" అని మాత్రం అడిగింది.

"తినిపించడమే నా పని. అదే నాకు చేతకాదని నా చేత్తో ఎలా రాయనమ్మా?"

"ఇందులో మీ వంట తప్పేం లేదండీ. మనకి తెలియను కూడా తెలియని వాసన తనకి భరించలేనంత ఉంటుంది. తినే నాలుగూ తిననిద్దాం, మందు విడిగా ఇద్దాం. కొత్తది ఏదైనా పక్కన పెట్టి ఊరుకుందాం, బలవంతం వద్దు. నిజం తెలిసుంటే ఈ మాట మొదట్లోనే చెప్పేదాన్ని."

డైటీషియన్ వెళ్ళాక నేను ధైర్యం చేశాను.

"ఆ రోజు భోజనాల దగ్గర అలా అన్నాను చూడు వదినా, అసలు తప్పు నాది."

"ఆ మాటకేం లే. అందరూ అనేదే," అంది వదిన. "డాక్టరు పుస్తకం చదువుతుంటే నాకు నోరు పెగల్లేదు. నువ్వైనా చెప్పేస్తావని నీ వైపే చూశాను."

చూసిన మాట నిజమే. చెప్పొద్దని బతిమాలుతోందనుకుని నేను తల తిప్పేసుకున్నాను.