మిగిలిన కన్ను

చూపు ఇంకా కొన్నాళ్ళే ఉంటుందని తెలిసిన మనిషి ఆ కాస్త చూపును ఎవరి కోసం వాడాలి? జమున సంగతి తెలిసినవాళ్ళు గోదావరిఖనిలో ఇప్పటికీ రెండుగా చీలి వాదించుకుంటారు. ఎన్ని వాదనలు విన్నా, ఎన్నిసార్లు తలుచుకున్నా జవాబు మాత్రం దొరకలేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం ఒక్కటే మిగిలింది.

జమున బాయి మీద ల్యాంపు రూములో పనిచేసేది. బొగ్గు గనిని అక్కడ గని అనరు, బాయి అంటారు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ ముందు ఆమె కిటికీ దగ్గరికి రావాలి. తన ఇత్తడి బిళ్ళ లోపలికి ఇస్తే, అదే నంబరున్న టోపీ దీపం ఆమె బయటికి ఇస్తుంది. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకుపోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట.

ఆ కిటికీ దగ్గర ఎవరూ రాసిపెట్టని పద్ధతి ఒకటి నడుస్తుంది. దిగేటప్పుడు ఎవరూ పోతున్నామనరు, పోయొస్తామనీ అనరు. దీపం తగిలించుకుని మూగగా నడిచిపోతారు. మాటలన్నీ పైకి వచ్చాకే. "జమునక్కా, నీ దీపం సల్లగుండ, ఇయ్యాల నా బనీను పిండితే బక్కెటు నిండుతది" అంటాడొకడు. "పిండి గీడనే పొయ్యకు, నిన్ననే తుడిశిన" అంటుంది జమున. ఇళ్ళలోనూ అంతే. డ్యూటీకి పోయే మనిషి గడప దాటాక వెనక నుంచి పిలవరు.

జమున ఒకసారి పిలిచింది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. భర్త రఘుపతి మొదటి షిఫ్టుకు సైకిలెక్కి, టిఫిన్ డబ్బా మరిచాడు. నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని గేటు దాకా ఉరికి కేకేసింది. అతను వెనక్కి వచ్చి, డబ్బా అందుకుని, పిల్లవాడి బుగ్గ గిల్లి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం కింద పైకప్పు కూలింది. అందరి బిళ్ళలూ మేకుల మీది నుంచి దిగాయి, అతనిది దిగలేదు. అతని బదులుగానే జమునకు ఈ నౌకరి వచ్చింది. అత్త సారవ్వ ఆ కేక గురించి ఇరవై ఏళ్ళలో ఒక్క మాట అనలేదు. అనేస్తే బాగుండునని జమునకు చాలాసార్లు అనిపించింది. అంటే తిరిగి అనొచ్చు, పోట్లాడొచ్చు, ఏడవొచ్చు. అనని మాటను పట్టుకుని ఏం చేస్తాం?

సముద్రం పిచ్చి ఆమెకు ఎక్కించింది సుజిత. అదే ల్యాంపు రూములో జమునతోపాటు పనిచేసే మనిషి, ఆమెకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. ఒకరోజు దీపాలు ఛార్జింగుకు పెట్టి ఖాళీగా కూర్చున్నప్పుడు ఫోనులో అండమాన్ బీచి చూపించింది. నీళ్ళు నీలంగా కూడా లేవు, ఆకుపచ్చగా ఉన్నాయి. ఇసుక పిండి ఆరబోసినట్టుంది. జమున ఫోనును ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఇరవై ఏళ్ళుగా తుడిచిన చోటే మళ్ళీ నల్లదుమ్ము తుడిచిన మనిషి.

"గంత తెల్లగున్నది, ఎవలు ఉతికిన్రే దాన్ని?"

"దేవుడు ఉతికిండక్కా. పోదామా? కంపెనీ నాలుగేండ్లకోసారి టూరుకు పంపుతది గదా, ఎన్నడన్న పోయినమా?"

"రామగుండంల అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సక్కగ దిగుడేనా?"

సుజిత పడీపడీ నవ్వింది. "అది మద్రాసు దాకనే పోతదక్కా. పట్టాలు సముద్రంల ఎట్ల ఏస్తరు? ఆడికెల్లి మూడు దినాలు ఓడల పోవాలె."

ఆ రోజు నుంచి ఇద్దరికీ అదే పని. మందుల చీటీ వెనుక పట్టీ రాసుకున్నారు. ఓడలో వాంతులకు గోళీలు, చింతకాయ తొక్కు, రబ్బరు చెప్పులు, ఎండకు టోపీలు. నీళ్ళలోకి ఏం కట్టుకుని దిగాలన్నది వారం రోజులు తేలలేదు. "నైటీ మీద టవలేసుకుని దిగుదాం, ఎవడు జూస్తడు మనలను" అని సుజిత తీర్పు చెప్పింది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి, పడవ మీద హావ్‌లాక్ దీవికి, అక్కడ బీచి పక్కనే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఏం చేస్తామని సుజిత అడిగితే, "ఏం జెయ్యద్దు. కూసుండి జూద్దాం" అంది జమున.

చూడటం దగ్గరే వచ్చింది చిక్కు. ఆమెకు పదేళ్ళుగా షుగరు. దీపావళి తర్వాత ఎడమ కంట్లో నల్లదారాలు తేలాయి. హైదరాబాదు డాక్టరు సూదులు వేశాడు, లేజరు పెట్టాడు. చివరికి మెల్లగా చెప్పాడు. "రెండు కళ్ళూ పోతాయమ్మా. ఎప్పుడన్నది చెప్పలేను. చూడాల్సినవేమన్నా ఉంటే చూసేయండి." జనవరి చివరికి టికెట్లు తీసుకున్నారు.

కొడుకు రుత్విక్ ఆ మాటను ఇంకోలా విన్నాడు. ఐటీఐ చదివి, బసంత్‌నగర్ వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర సిమెంటు బస్తాల మధ్య పనిచేస్తున్నాడు. రాత్రి అతను దగ్గితే తలగడ మీద సిమెంటు దుమ్ము రాలేది. తల్లిని మెడికల్ బోర్డు పనికిరాదని తేల్చితే ఆమె నౌకరి అతనికి వస్తుంది. రిటైరు కావడానికి రెండేళ్ళు మిగిలి ఉండగానే అది జరగాలి. ఆ గడువుకు అప్పటికి ఏడాది కూడా లేదు. పిల్లవాడు చెడ్డవాడేం కాదు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాడు.

"అమ్మా, బోర్డు అయ్యేదాక ఆగు. సముద్రం యాడికి పోతది? గాడనే ఉంటది."

జమున ఆగింది. టికెట్లు రద్దు చేసుకున్నారు. బోర్డు ఫిబ్రవరిలో అన్నారు, మార్చికి వాయిదా పడింది, అక్కడి నుంచి ఇంకా ముందుకు పోయింది. ఆ ఎదురుచూపులోనే, హోలీ మరునాడు పొద్దున్న లేచేసరికి, ఎడమ కన్ను పూర్తిగా పోయింది. నొప్పి కూడా లేదు. దీపం బ్యాటరీ అయిపోయినట్టు ఆరిపోయింది. ఏప్రిల్‌లో కుడికంట్లోనూ మొదటి దారం కనిపించింది. ఆ రోజే సుజితతో, "మళ్ళ టికెట్లు తియ్యి. ఇగ వాపసు చెయ్యకు" అంది.

మే పదహారుకు టికెట్లు దొరికాయి. వారం తిరక్కుండానే బోర్డు నుంచి కాయితం వచ్చింది. పద్దెనిమిదిన హాజరు కావాలని.

ఆఫీసులో గుమాస్తా శాంతిరాజ్ దగ్గరికి వెళ్ళింది. అతను ఆమె ఫైలు ముందేసుకుని తల గోక్కున్నాడు.

"జమునక్కా, ఒక్క ఫైల్ల రెండు కాయితాలు వెట్టినవ్. కండ్లు కనబడ్తలెవ్వని ఒకటి, సముద్రం జూశొస్తనని ఒకటి. నేను దేన్ని నమ్మాలె?"

"రెండు నిజమే గదా తమ్మీ. బోర్డును మూడు దినాలు ముందుగాల్నే పెడ్తరా?"

"పిలిచిన్నాడు రాకుంటే పేరు ఆఖరుకు పోతది. మళ్ళ మీదికొచ్చేసరికి నీ గడువు దాటుతది. ఇగ పిలగానికి నౌకరి లేదు. నిజం జెప్తున్న, మనసుల వెట్టుకోకు."

ఇంట్లో రుత్విక్ ఈసారి కాళ్ళ దగ్గర కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. "బాపు పాణం పోతే నీకు నౌకరి వచ్చింది. నాకు రావాల్నంటే నువ్వొక్క దినం ఆడ కూసుంటే సాలు. గది గూడ ఎక్కువైందా?"

"సముద్రం ఉంటది బిడ్డా. కన్నే ఉండది."

"కన్ను పోయినా నేనున్న గదమ్మా. చెయ్యి వట్టుకుని తీస్కపోత."

"తీస్కపోయి ఏం జూపెడ్తవ్ రా?"

వాడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. మూలన మంచంలో సారవ్వ రొట్టె నానబెట్టుకుని తింటూనే ఉంది. ఏ పక్షమూ మాట్లాడలేదు. ఆ రాత్రి జమునే దిగివచ్చి, "సరే, బోర్డుకే పోదాం" అంది. అన్నప్పుడు నిజంగానే అంది.

పదమూడో తారీఖున రెండో షిఫ్టుకు కిటికీలో ఒకతనికి దీపం ఇచ్చింది. నాలుగడుగులు వేసి అతను వెనక్కి వచ్చాడు. "అక్కా, ఇది నాది గాదు." నంబరు మీద అడ్డంగా నల్లదారం పడి ఒక అంకె మింగేసింది. అతను నవ్వి మార్చుకుపోయాడు. సుజిత నవ్వలేదు. బిళ్ళ ఒకటి, దీపం ఒకటి అయితే కింద మిగిలిన మనిషిని ఎవరూ వెతకరని ఇద్దరికీ తెలుసు. జమున స్టూలు మీద నుంచి లేచి సుజితను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. షిఫ్టంతా దిగిపోయాక, "పదారు నాడు టేషన్ల ఉండు" అంది.

పదహారున మొదటి షిఫ్టు మనిషిలాగే లేచింది. అన్నం వండింది, వంకాయ కూర చేసింది, డబ్బా కట్టింది. డ్యూటీ సంచిలో రెండు చీరలు, కంటి చుక్కలు, రబ్బరు చెప్పులు పెట్టుకుంది. రుత్విక్ బోర్లా పడి నిద్రపోతున్నాడు. వాడి ముఖం మీద కూడా దారం తేలుతోంది. అది పక్కకు తొలగేదాకా తల అటూ ఇటూ వంచి, తొలగిన క్షణంలో చెంప, చెవి, కనుబొమ్మ మీది సిమెంటు చూసుకుంది. లేపలేదు.

వరండాలో సారవ్వ మంచం మీద మెలకువగానే ఉంది. జమున చెప్పులేసుకుని గేటు తీసింది. అప్పుడు మంచం కిర్రుమంది. తల తిప్పితే కనిపించింది, డబ్బా కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. ముసలామె లేచి కూర్చుంది, దాన్ని చూస్తోంది. ఆ సంచి లావు కూడా చూసే ఉంటుంది.

జమున గేటు మీద చెయ్యి వేసి నిలబడింది. మళ్ళీ తిరిగి చూడలేదు. అత్త ఒక్క కేక వేస్తే చాలు, తను వెనక్కి పోయేదే. వెనక నుంచి కేక రాలేదు, దగ్గు కూడా రాలేదు. అది డ్యూటీకి పోయే మనిషిని పిలవకూడదన్న పాత భయమో, ఇరవై ఏళ్ళ కిందటి కేకకు ఇప్పుడిచ్చిన జవాబో ఆమెకు తెలియలేదు.

బాయి సైరన్ మోగింది. దీపాల కోసం పోతున్న మగవాళ్ళు నలుగురు మాటామంతీ లేకుండా రోడ్డు వెంట నడుస్తున్నారు. జమున గేటు దగ్గరికి వేసి, మలుపు దాకా వాళ్ళ వెనకే నడిచింది. అక్కడ వాళ్ళు బాయి వైపు తిరిగారు. ఆమె రామగుండం ఆటో ఎక్కింది.